వీపులు చూసి గుర్తుపట్టే మనిషి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు నేలకింద రైలు ప్లాట్‌ఫారం వెడల్పు చేసి చూడు అని మాత్రం అనలేదు. ఆ అవస్థ వాళ్లకు తెలియదు. తెలిసి ఉంటే మొదటి రెండూ వదిలేసి దీన్నే చెప్పేవారు. ఇల్లు కట్టుకునేటప్పుడు ఉన్నవాళ్లను నాలుగు నెలలు ఎక్కడికైనా పంపించవచ్చు. టోక్యో నేలకింద ఒక్క పూట కూడా జనాన్ని పంపించడానికి లేదు. రైళ్లు నడుస్తూనే ఉండాలి, జనం ఎక్కుతూ దిగుతూనే ఉండాలి, పక్కన గోడలు పగులుతూనే ఉండాలి. అంచేత ప్లాట్‌ఫారం పెద్దది కావాలంటే ముందు చిన్నది కావాలి. ఉన్న ప్లాట్‌ఫారంలో సగానికి అడ్డంగా పొడుగునా తెల్ల రేకుల గోడ నిలబెట్టి, అవతల తవ్వుకుంటారు, కాంక్రీటు పోసుకుంటారు. ఇవతల మిగిలిన సగంలో మొత్తం జనం సర్దుకోవాలి. షియోబాషి స్టేషన్లో ఈ సర్దుకోవడం మొదలై ఆరో ఏడు నడుస్తోంది.

ఆ మిగిలిన సగంలో పొద్దున్నపూట జనాన్ని రైల్లోకి తోయడం కుసాకా తెయిజి ఉద్యోగం. వినడానికి వింతగా ఉన్నా అది ఉద్యోగమే. తెల్లటి చేతితొడుగులు, టోపీ, జబ్బకు ఆకుపచ్చ పట్టీ ఇస్తారు. రైలు వచ్చి ఆగుతుంది, దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కగలిగినంతవరకు ఎక్కుతారు, చివరికి ఇద్దరో ముగ్గురో సగం లోపల, సగం బయట మిగిలిపోతారు. వాళ్లు కుసాకా పాలు. దానికీ ఒక పద్ధతి ఉంది. అరచేతులు రెండూ భుజాల ఎముకల మీద ఆనించి, చేతి బలంతో కాక నడుము బలంతో, మెల్లగా, ఆగకుండా ఒత్తాలి. ఆడవాళ్లయితే చెయ్యి బ్యాగు మీదే పడాలి. ఒత్తే ముందు "క్షమించండి, ఒత్తుతున్నాను" అనాలి. ఒత్తించుకున్నవాళ్లు కూడా లోపలినుంచి "క్షమించండి" అంటారు. తప్పు ఎవరిదో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

కుసాకా పుట్టింది ఆ స్టేషన్‌కి సరిగ్గా పైన. అప్పుడక్కడ స్టేషన్ లేదు, మేడలు లేవు. కాలువల్లో దుంగలు తేలుతుండేవి. వాళ్ల నాన్న ఆ దుంగల మీద నిలబడి గెడతో వాటిని ఒడ్డుకు తోసేవాడు. కొడుకు పెద్దవాడై ఆ ఒడ్డునే ఉన్న చేపముద్దల కార్ఖానాలో చేరాడు. చేపమాంసం రుబ్బి, చెక్కపలకల మీద దిద్ది ఆవిరికి పెట్టడం పని. నడివయసు దాకా అతని ఒంటినుంచి ఆ వాసన పోలేదు. ఆ తర్వాత కార్ఖానా స్థలం అమ్ముడైపోయింది. దాని మీద నలభై అంతస్తుల మేడలు రెండు లేచాయి, వాటిని చూసి మరో నాలుగు లేచాయి. ఆ మేడల్లోని జనమంతా పొద్దున్నే ఒక్కసారిగా భూమిలోకి దిగడం మొదలుపెట్టారు. స్టేషన్ వాళ్లు తోసేవాళ్లు కావాలని బోర్డు పెడితే కుసాకా వెళ్లి చేరాడు.

"నీ కార్ఖానాని మింగినోళ్లేగా వాళ్లంతా. కసితీరా తోసెయ్" అనేది భార్య మిత్సుయో, అతనికి పులుసులోకి ముల్లంగి తరుగుతూ.

"కసితో తోస్తే లోపలికి పోరే పిచ్చిదానా. జాలిగా తోస్తేనే పోతారు."

"ఆ జాలేదో ఇంట్లో చూపించకు. మొన్న బజార్లో డబ్బులు కట్టే వరసలో నా వీపు మీద చేతులు పెట్టావు. ముందున్న ముసలావిడ నీ వంక ఎలా చూసిందో తెలుసా."

ఆ మాట నిజమే. ఎవరి వెనకాలైనా నిలబడితే కుసాకా చేతులు వాటంతటవే లేస్తాయి. ఏళ్ల తరబడి వీపులే చూసినవాడికి మొహాలు గుర్తుండవు. ఒకసారి చేపల దుకాణంలో ఎవరో పెద్దమనిషి నవ్వుతూ పలకరిస్తే వెర్రిచూపులు చూశాడు. ఆ మనిషి నొచ్చుకుని వెనక్కి తిరిగాడో లేదో, "అరెరె, చివరి పెట్టె రెండో తలుపు మీరేనా" అని కేకేశాడు. బూడిదరంగు కోటు, మెడ కింద కొంచెం గూని, కుడివైపు కాలరు ఎప్పుడూ లోపలికి మడతపడి ఉంటుంది. అన్నేళ్లు తోసిన వీపును ఎలా మర్చిపోతాడు.

అలా తెలిసిన వీపుల్లో ఒకటి ఎడమ భుజం వాలిన వీపు. నాలుగైదేళ్లుగా రోజూ అదే రైలుకు, చివరి పెట్టె దగ్గర. ఆ భుజానికి ఎప్పుడూ ఏదో బరువు వేలాడేది, ఒకనాడు గొట్టంలా చుట్టిన కాగితాలు, ఒకనాడు గుడ్డతానులు. బట్టలు కత్తిరించే పని అయ్యుంటుందని అతని ఊహ. ఆమె గొంతు అతను వినలేదు. మొహం చూసిన గుర్తు లేదు. పోయిన శీతాకాలంలో ఆ వీపు నడక మారింది. కొన్నాళ్లకు ఆమె బ్యాగుకు గులాబీరంగు బిళ్ల వేలాడింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఇచ్చే బిళ్ల అది, చోటివ్వండి అని నోరు విప్పి అడగక్కర్లేకుండా.

ఆ రోజునుంచి కుసాకా ఆమెను తోయలేదు. రైలు రాగానే చెయ్యి అడ్డంగా చాచి, ముందు ఆమెను ఎక్కించి, ఆ తర్వాత మిగతావాళ్ల పని పట్టేవాడు. ఆమె తల కొంచెం వంచేది. వాళ్లిద్దరి మధ్య జరిగిన సంభాషణ అంతే. వాన పడే రోజుల్లో ఇంటినుంచి బయల్దేరుతూ ఆ మనిషి గురించి దిగులు పడేవాడు.

"మొహం తెలీదు, పేరు తెలీదు, నీకెందుకయ్యా అంత దిగులు?" అంది మిత్సుయో.

"దిగులు పడ్డానికి చుట్టరికం ఉండాలా? ఇంకో నెలలో గోడ తీసేస్తారు. ఆ లోపల ఆవిడ సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే నా మనసు కుదుటపడుతుంది."

గోడ తీసేస్తే అతని ఉద్యోగం కూడా పోతుంది. వెడల్పైన చోట తోసేవాడితో పనేముంది. అది అతనికి తెలుసు, పెద్దగా బాధ లేదు. మిత్సుయో పనిచేసే అన్నం డబ్బాల కొట్లో బియ్యం కడిగే మనిషి కావాలన్నారు.

ఆ గోడ సంగతి కూడా చెప్పాలి. తెల్ల రేకుల మీద పొడుగునా బొమ్మ వేశారు, పని పూర్తయ్యాక ప్లాట్‌ఫారం ఎలా ఉంటుందో చూపించడానికి. బొమ్మలో ఓ తండ్రి బిడ్డను భుజానికెత్తుకున్నాడు, ఒకావిడ కుక్కపిల్లను సంచిలో పెట్టుకుని నవ్వుతోంది, ఇద్దరు ముసలివాళ్లు తోటలో షికారు చేస్తున్నట్టు నడుస్తున్నారు. చుట్టూ బోలెడంత ఖాళీ. ఆ ఖాళీకి ముక్కులు ఆనించుకుని రోజూ పొద్దున్నే జనం నిలబడేవారు. బొమ్మ గీసినవాడు ఆ పూట ఒక్కసారి దిగి చూస్తే బాగుండేది.

గోడలో ఒక తలుపు ఉంది, ఎస్కలేటర్ దిగే చోటికి ఓ పది బారల దూరంలో. దాని మీద "పనివారికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదు" అని పెద్ద అక్షరాలు. పగలు పని ఆగిపోయి ఉంటుంది, అవతల కాపలాకు ఓబాతా ఒక్కడే ఉంటాడు. ఉత్తరాన మంచుకొండల పల్లెల వాడు, నోటికి అడ్డూ ఆపూ లేదు. జనం పల్చబడ్డాక కుసాకా రేకు మీద వేలితో కొడితే అవతలినుంచి మాట వినిపించేది.

"ఏటన్నా, ఈవేళ ఎంతమందిని కుక్కీసేవేటి?"

"నీకేం, అంత జాగాలో ఒక్కడివే దొరలా ఉన్నావు."

"ఒట్టి దొరతనం అన్నా. పలక్కుండా పడుండాలి. ఈ పక్క అంచుకి తాడు ఒకటే కట్టేరు, కింద గొయ్యి. నిద్దరొస్తే పోతాను."

కొత్త ప్లాట్‌ఫారం నేల తయారైంది కానీ దాని అవతలి అంచున పట్టాలింకా వేయలేదు. మనిషి లోతు గొయ్యి, అడుగున ఇనుప చువ్వలు. ఇవతలి ప్లాట్‌ఫారం అంచునైతే నడుమెత్తు తలుపులున్నాయి, ఎంత కిక్కిరిసినా పట్టాల మీద పడే భయం లేదు. అక్కడ ఆ ఏర్పాటు ఇంకా కాలేదు. రైళ్లు నడిచే వేళ ఆ తలుపు తీయాలంటే అసిస్టెంట్ స్టేషన్ మాస్టరూ, పని చేయించే మేస్త్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఆ పొద్దున వాన. వానాకాలం ముదిరి, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు కూడా రైలుకే దిగారు. తడిసిన గొడుగులు, తడిసిన కోట్లు, చెమట. జనం మంచి ఊపులో ఉన్న వేళ రైలు రావలసిన సమయానికి రాలేదు. ముందు స్టేషన్ దగ్గర సిగ్నల్ చూస్తున్నారని, దయచేసి కొద్దిసేపు ఓపిక పట్టమని పైనుంచి ఒక ఆడగొంతు చెప్పింది. ఓపిక పట్టడంలో షియోబాషి జనాన్ని మించినవాళ్లు లేరు. పట్టారు.

కానీ ఎస్కలేటర్‌కి ఓపిక లేదు. అది జనాన్ని దింపుతూనే ఉంది.

కుసాకా చివరి పెట్టె ఆగే చోట, ఎస్కలేటర్ దిగువన నిలబడి ఉన్నాడు. మొదట అతనికి తేడా తెలిసింది చెవులకు. రోజూ గొడుగుల కొనలు నేలకు తగిలే చప్పుడు, కాగితాల చప్పుడు, దగ్గు, ముక్కు ఎగబీల్చడం వినబడేవి. అవన్నీ ఆగిపోయాయి. గొడుగు కదిలించడానికి కూడా ఎవరికీ చోటు లేదు. గోడ బొమ్మలో కుక్కపిల్ల సంచి మీద ఓ కళ్లద్దాల మనిషి చెంప అతుక్కుని ఉంది. అతను కళ్లు మూసుకుని పైపైన ఊపిరి తీస్తున్నాడు.

కుసాకా తల తిప్పి ఎస్కలేటర్ వైపు చూశాడు. దిగే మెట్ల మీద జనం వెనక్కి నడుస్తున్నారు. కింద అడుగు పెట్టే చోటు లేక, కిందికి వచ్చే మెట్టు మీదే వెనక్కి ఒక అడుగు, మళ్లీ ఒక అడుగు వేస్తూ, ఉన్నచోటే ఉండాలని చూస్తున్నారు. అలా వెనక్కి వేసిన ప్రతి అడుగుకీ వెనకవాళ్లతో "క్షమించండి" అంటున్నారు, గుసగుసగా. ఒక్కరూ అరవలేదు. పై మలుపులో ఉన్నవాళ్లకు కింద ఏం జరుగుతోందో తెలియదు, తెలియజెప్పేవాడు లేడు. ఇంకొకరికి ఇబ్బంది కలగకూడదని నోరు మూసుకున్న జనం, ఆ నోరు మూసుకోవడంతోనే ఒకరినొకరు నలిపేసుకుంటున్నారు.

ఎస్కలేటర్ ఆపే మీట అడుగున ఉంది, చెయ్యి అందదు. అందినా ఉన్నపళంగా ఆపితే మెట్ల మీదున్నవాళ్లంతా ముందుకు కుప్పకూలతారు. అతను భుజానికున్న వాకీటాకీ నొక్కి అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ సెరిజావాను పిలిచాడు.

"సార్, పైన జనాన్ని ఆపండి. ఇక్కడ అడుగు పట్టడం లేదు."

"గేట్లు మూయిస్తున్నానండి కుసాకా గారూ, నేనే ఉన్నాను గేట్ల దగ్గర. కానీ లోపలికొచ్చేసినవాళ్లు దారిపొడుగునా ఉన్నారు, వాళ్లని వెనక్కి తిప్పాలి. కాస్త ఓపిక పట్టండి."

"ఓపిక ఉంది సార్. జాగా లేదు."

"తెలుసండి. తెలుసు." ఆ వెంటనే సెరిజావా దూరంగా ఎవరినో వెనక్కి వెళ్లమని బతిమాలడం వినిపించింది.

అప్పుడు కనిపించింది కుసాకాకు ఆ వీపు. ఎస్కలేటర్‌కీ గోడకీ మధ్య ఒక స్తంభం ఉంది. దాని పక్కన తలల మధ్య ఎడమ భుజం ఒకటి వాలి ఉంది. ఒక్క క్షణం కనిపించి, జనం ఒక ఊపు ఊగగానే కిందికి జారి మాయమైంది. కుసాకా ఆ వైపు చేతులు జొనిపాడు. జొరలేదు. ఇన్నేళ్లూ జనాన్ని ముందుకు తోసిన మనిషికి జనాన్ని పక్కకు తీయడం ఎలాగో తెలియలేదు. "జరగండి, అక్కడ కడుపుతో ఉన్నావిడ ఉంది, జరగండి" అన్నాడు. దగ్గరున్నవాళ్లు విన్నారు, మొహాలు పాలిపోయాయి, కానీ జరగడానికి ఎక్కడుంది.

గోడకు ఆనుకుని ఒక్కొక్క మనిషినే దాటుకుంటూ తలుపు దాకా పాకి, పిడికిలితో రేకు మీద బాదాడు.

"ఓబాతా, తలుపు తియ్యి."

"ఏటైందన్నా? పెద్దోళ్లు ఒప్పుకున్నారేటి?"

"లేదు. తియ్యి."

"తీస్తే నా ఉద్యోగం ఊడిపోద్దన్నా."

"నాదీ ఊడుతుంది. ఇక్కడ జనం చచ్చిపోతున్నారు. తియ్యరా."

అవతల గడియ లాగిన చప్పుడైంది. తలుపు లోపలివైపుకు తెరుచుకుంది. ఆ పని చేసినందుకు తర్వాత ఇద్దరూ పైఅధికారుల బల్ల ముందు నిలబడి తలలు వంచుకోవలసి వచ్చింది, అది వేరే సంగతి.

తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల దీపాల వెలుగు, చల్లటి గాలి, కావలసినంత చోటు. తలుపు పక్కనే నలుగుతున్నవాళ్లు ఆ చోటును చూశారు. చూసి, తలుపు మీద రాసినది చదివారు. చదివి, చూపు తిప్పుకున్నారు.

ఒక్కరూ కదల్లేదు. కుసాకాకు తన కళ్లను తానే నమ్మాలనిపించలేదు.

"వెళ్లండి, లోపలికి వెళ్లండి."

చెంప అతుక్కున్న కళ్లద్దాల మనిషి కష్టం మీద ఊపిరి కూడదీసుకున్నాడు. "అది... పనివాళ్లకు కదండీ?"

"ఈవేళ అందరికీ. వెళ్లండి."

"అయితే, మీరు ముందు" అన్నాడతను పక్కనున్నావిడతో. "అయ్యో, మీరే ముందు" అందావిడ. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. రాసిన మాటను మొదట దాటేది తాను కాకూడదు, అదే ఇద్దరి భయమూ. కుసాకాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఏం జనం వీళ్లు, ప్రాణం పోతున్నా మర్యాద వదలరు, పక్కవాడి కోసం నోరైనా తెరవరు. వాళ్లను పట్టి లోపలికి ఈడుద్దామనుకున్నాడు. ఒకరిద్దరిని ఈడ్చగలడేమో. మిగతావాళ్లు బెదిరి ఒక్కసారిగా పడితే అవతల గొయ్యి, చువ్వలు.

తానే ముందు లోపలికి నడిచి రమ్మని చెయ్యి ఊపాడు. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, అతను పనివాడు, టోపీ ఉంది, పట్టీ ఉంది.

అప్పుడు తట్టింది. ఈ ఊళ్లో మనిషి మాట విని ఎవరూ కదలరు, మనిషి వీపు చూసి కదులుతారు. ముందెవరైనా నిలబడి ఉంటే, ఎందుకు నిలబడ్డాడని అడగకుండా వెనకాల నిలబడతారు. కుసాకా టోపీ తీసి ఓబాతా చేతిలో పెట్టాడు. పట్టీ తీశాడు, చేతితొడుగులు, పైకోటు తీశాడు. లోపల తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, ఆఫీసుకెళ్లే లక్షమందిలో ఒకడు. తలుపుకు రెండడుగుల లోపల, గోడ పక్కన, జనానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని, రైలు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

"నువ్వు వాళ్లకేసి తిరిగి నిలబడి, ఏం జరుగుతోందో నాకు చెప్పు" అన్నాడు ఓబాతాతో పెదాలు కదపకుండా. "అంచు వైపుకి ఎవరినీ పోనీకు."

వెనక ఏమీ లేదు. తిరిగి చూస్తే అయిపోయింది. వరసలో నిలబడ్డవాడు వెనక్కి తిరిగి చూడడు.

ఒక బూటు చప్పుడైంది. ఆగింది. ఎవరో తన వెనకాల వచ్చి నిలబడ్డారు. వాళ్ల వెనకాల మరొకరు.

"వస్తన్నారన్నా" అన్నాడు ఓబాతా. "ఎనక్కి సూడకు."

కుసాకా ఒక్కడుగు ముందుకు వేశాడు. వెనకాల ఒక్కడుగు పడింది. గోడ వెంబడి, అంచుకు దూరంగా, మెల్లగా నడిచాడు. కొత్త కాంక్రీటు మీద తడి బూట్ల చప్పుడు ఒకటి, పది, తర్వాత లెక్క తెలియలేదు. వేగంగా నడిస్తే వెనకవాళ్లు పరిగెడతారు. ఆగితే తలుపు దగ్గర మళ్లీ బిగుసుకుంటుంది. నడుస్తున్నాడు కానీ మనసంతా స్తంభం దగ్గరే ఉంది. ఆమెను చేత్తో లాగి బయటపడేయగలిగి ఉండేవాడేమో. లాగకుండా వచ్చేశాడు. ఇంతమంది కోసం ఆ ఒక్క మనిషిని వదిలేసి వచ్చాడు.

"ఓబాతా, ఎడమ భుజం వాలిన ఆవిడ వచ్చిందా?"

"నాకేటి తెలుస్తాదన్నా? నాకు మొగాలే అవుపిస్తన్నాయి."

"బ్యాగుకి గులాబీరంగు బిళ్ల ఉంటుంది."

పక్కనే వెనక్కి నడుస్తున్న ఓబాతా వరసనంతా చూశాడు. తలుపు దాకా చూశాడు. "బిళ్ల లేదన్నా" అన్నాడు.

కుసాకా నడిచాడు. కొత్త ప్లాట్‌ఫారం చివర ఇసుక బస్తాలు అడ్డం వచ్చే దాకా నడిచాడు. అప్పటికి వెనక చప్పుడు పల్చబడింది. పైనుంచి ఎస్కలేటర్ మెల్లగా ఆగిన శబ్దం, సెరిజావా గొంతు వినిపించాయి. అప్పుడు తిరిగాడు. గోడ పొడుగునా వరస, మనిషికీ మనిషికీ మధ్య సమానమైన ఎడంతో. మొహాలు. ఇంతమంది మొహాలను అతనెప్పుడూ చూడలేదు. వాటిని దాటుకుంటూ, అడ్డం వచ్చినవాళ్లకు క్షమాపణ కూడా చెప్పకుండా, తలుపులోంచి ఇవతలికి పరిగెత్తాడు.

ఇవతల సగం ఖాళీ అయింది. విరిగిన గొడుగులు, ఎవరిదో చెప్పు, కొబ్బరిచిప్పంత అన్నం డబ్బా మూత. స్తంభం దగ్గర మాత్రం ఆరేడుగురు అలాగే ఉన్నారు. వీళ్లకు ఏమొచ్చింది, చోటు వచ్చాక కూడా కదలరేం అని మళ్లీ కోపం పొంగింది. "ఏమండీ, మీకు నోళ్లు లేవా, కాళ్లు లేవా" అని అరుస్తూ దగ్గరికి వెళ్లాడు.

వెళ్లి ఆగిపోయాడు.

వాళ్లు స్తంభానికీ గోడకూ రెండు అరచేతులూ ఆనించి, మోచేతులు బిగించి, వీపులు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడి ఉన్నారు. బడి దుస్తుల్లో ఒక అమ్మాయి, ఒక ముసలాయన, ఉల్లికాడలు బయటికి కనబడే సంచి మెడలో వేసుకున్న ఒకావిడ, టై వెనక్కి తిరిగిపోయిన ముగ్గురు ఆఫీసు మనుషులు. ఎవరికెవరూ తెలిసినట్టు లేదు. వాళ్ల చేతుల మధ్య, అంత తొక్కిడిలోనూ ఎవరూ తొక్కని జానెడు జాగాలో, ఆమె స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుంది. మొదటినుంచీ వాళ్లలా నిలబడే ఉన్నారన్నమాట. వాళ్లలో ఒక్కరు తలుపు వైపు కదిలినా ఆ జాగా మూసుకుపోయేది. ముసలాయన వీపు మీద కోటు కుట్టు భుజం దగ్గర పూర్తిగా చినిగిపోయింది.

కుసాకా వాళ్ల చేతుల కిందనుంచి దూరి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈ జనాన్ని తిట్టుకున్నందుకు అతనికి సిగ్గేసింది.

"ఎలా ఉందమ్మా?"

ఆమె మొహం ఎత్తింది. అతననుకున్నదానికంటే చాలా చిన్నపిల్ల.

"కదలడం లేదండీ" అంది. "ఇందాకట్నించీ కదలడం లేదు."

సెరిజావా మెట్ల మీదనుంచి దిగి వస్తూ వాకీటాకీలో అంబులెన్సును పిలుస్తున్నాడు. చివరికి రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కేవాళ్లను తోయడానికి ఎవరూ లేరు. కుసాకా తన చేతుల వంక చూసుకున్నాడు. వాటితో ఏం చేయాలో తోచక, ఆమె వీపుకూ స్తంభానికీ మధ్య ఒక చెయ్యి పెట్టి, చల్లటి రాతికి ఆమె ఆనకుండా పట్టుకుని కూర్చున్నాడు. రైలు తలుపులు మూసుకుని వెళ్లిపోయింది. ఇంకో రైలు వచ్చి అదీ వెళ్లిపోయింది.

ఆమె ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టింది. అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కదులుతోంది" అంది. తర్వాత ప్లాట్‌ఫారం అంతా వినబడేంత గట్టిగా, ఏడుస్తూ అంది. "కదులుతోందండీ. కదులుతోంది."

స్ట్రెచర్ వచ్చి ఆమెను పడుకోబెట్టి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆమె తల తిప్పి ఆ ఆరేడుగురి కోసం చూసింది. వాళ్లింకా అలాగే ఉన్నారు, మధ్యలో ఎవరూ లేకపోయినా, వెనకనుంచి ఎవరూ ఒత్తకపోయినా. బడి పిల్ల భుజాలు వణుకుతున్నాయి.

"ఇక చాలు. దించండి" అన్నాడు కుసాకా.

దించలేకపోయారు. మోచేతులు బిగుసుకుపోయాయి. కుసాకా వాళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరి చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, నొప్పి కలగకుండా మెల్లగా కిందికి దించాడు.